చెత్త కాంట్రాక్టర్ మారాక బండి సరిగ్గా రావడం లేదు. ఎవరిని అడగాలి, డబ్బు ఇవ్వడం ఆపాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. నగర శివారులో 400 ఇళ్ల కాలనీ మీది. ఒకటో తారీఖున చెత్త సేకరణ కొత్త ఏజెన్సీ చేతికి వెళ్లింది. మూడు వారాలుగా బండి రెండు రోజులకోసారి, ఒక్కోసారి మూడు రోజులకోసారి వస్తోంది. లోపలి గల్లీలకైతే రావడమే లేదు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన కుప్ప మొదలైంది. పైగా కొత్త డ్రైవర్ ఇంటికి 50 రూపాయలు ఎక్కువ అడుగుతున్నాడు. వీళ్లు కావాలనే ఇలా చేస్తున్నారా, దానంతటదే సర్దుకుంటుందా, అప్పటిదాకా డబ్బు ఇవ్వవద్దని ఇళ్లవాళ్లకు చెప్పవచ్చా అని సంఘం కార్యదర్శిగా మీరు అడుగుతున్నారు.

డబ్బు ఆపకండి. మూడు వారాల గందరగోళం మామూలే, ఆరో వారంలోనూ ఇలాగే ఉంటే మామూలు కాదు. ఈలోగా ఏ రోజు ఏ గల్లీ తప్పిందో ఒక పుస్తకంలో రాయండి. నెల ముగిసేలోపు ఆ పేజీల నకలు అధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఎందుకో చెబుతాను.

నేను పారిశుద్ధ్య విభాగంలో 26 ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. చివరి తొమ్మిదేళ్లు శివారు మున్సిపాలిటీల్లో కాంట్రాక్టర్ల బిల్లులు పరిశీలించాను. కాంట్రాక్టర్ మారడం నాలుగుసార్లు దగ్గరుండి చూశాను. అందులో ఒకసారి, మార్చమని నోట్ రాసింది నేనే. ఆ తప్పు సంగతి కూడా చెబుతాను, మీకు పనికొస్తుంది.

ముందు, మారింది ఎవరో కచ్చితంగా కనుక్కోండి. బయటి నుంచి చూస్తే చెత్త పని అంతా ఒక్కటే అనిపిస్తుంది. లోపల కనీసం మూడు వేర్వేరు ముక్కలు ఉంటాయి. ఇంటింటికీ తిరిగే ఆటోలు ఒకటి. 2015 నవంబరులో హైదరాబాద్ మహానగర పాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) స్వచ్ఛ ఆటోలు తెచ్చినప్పుడు డ్రైవరే రుణం తీర్చుకుంటూ బండికి యజమాని అయ్యే పద్ధతి పెట్టారు, ఇళ్లవాళ్లు నెలనెలా ఇచ్చేదే అతని ఆదాయం. శివారు మున్సిపాలిటీల్లో మాత్రం ఒకచోట సొంత ట్రాక్టర్లు, మరొకచోట ఏజెన్సీ బండ్లు ఉండేవి. రెండో ముక్క, ఆటోలు చెత్త దించే ట్రాన్స్‌ఫర్ స్టేషన్ నుంచి ఆ చెత్తను జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేర్చే పెద్ద బండ్లు. ఇది 2009లో కుదిరిన దీర్ఘకాల ఒప్పందం కింద నడిచే పని, మీ కాలనీ ఏజెన్సీకి దీనితో సంబంధం ఉండకపోవచ్చు. మూడోది రోడ్లు ఊడ్చేవాళ్లు. ఈ మూడింటిలో ఏది తెగినా మీ గేటు దగ్గర కనిపించేది మాత్రం ఒకటే: చెత్త అలాగే ఉంది.

నా తప్పు ఇక్కడే జరిగింది. ఒక మున్సిపాలిటీలో ఒకే వార్డు నుంచి రోజూ ఫిర్యాదులు, మధ్యాహ్నం రెండయినా బండి రాదని. కాంట్రాక్టర్‌కు పని మీద శ్రద్ధ లేదని నోట్ రాశాను. గడువు తీరగానే టెండర్ పిలిచి కొత్తవాళ్లను తెచ్చాం. నెల తిరగకముందే అదే వార్డు, అవే ఫిర్యాదులు. అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు. ఒక రోజు తెల్లవారుజామున ఐదున్నరకు ఆటోలో డ్రైవర్ పక్కన కూర్చున్నాను. ఎనిమిదింటికల్లా బండి నిండింది. ట్రాన్స్‌ఫర్ స్టేషన్ గేటు దగ్గర మాకు ముందు పదిహేడు బండ్లు. తూకం దగ్గర కంప్యూటర్ మొరాయిస్తే గుమస్తా చేత్తో చీటీలు రాస్తున్నాడు. లోపల చెత్తను నొక్కి కంటైనర్‌లో నింపే యంత్రాలు రెండింటిలో ఒకటి పాడైంది. మేం దించుకుని బయటపడేసరికి పదకొండు దాటింది. డ్రైవర్ చాయ్ ఇప్పించి, "రెండో ట్రిప్పు ఎప్పుడు చేయమంటారో మీరే చెప్పండి సార్" అన్నాడు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. తప్పు ఒకచోట ఉంటే మేం మరొకరిని మార్చాం.

ట్రిప్పుల లెక్క మీరూ వేసుకోవచ్చు. నలుగురున్న ఇంటి నుంచి రోజుకు ఇంచుమించు ఒకటిన్నర నుంచి రెండు కిలోల చెత్త వస్తుంది. ఒక ఆటోకు 500, 600 ఇళ్లు అప్పగిస్తే రోజుకు టన్ను చుట్టూ తేలుతుంది. చిన్న ఆటో అంత బరువు ఒక్కసారికి మోయలేదు, రెండు ట్రిప్పులు తప్పవు. కొత్త ఒప్పందంలో చెత్త దించే చోటు దూరమైనా, అక్కడ వరుస పెరిగినా మొదట ఎగిరిపోయేది రెండో ట్రిప్పే. ఆ ట్రిప్పులో ఉన్న గల్లీల వాళ్లకు బండే రాదు, మొదటి ట్రిప్పు వాళ్లకు మార్పు జరిగినట్టే తెలియదు. మీ లోపలి గల్లీలకు మాత్రమే బండి రావడం లేదంటున్నారు కాబట్టి నాకు మొదట కలిగిన అనుమానం ఇదే. డ్రైవర్‌ను తిట్టే ముందు, చెత్త ఎక్కడ దించుతున్నాడో, దించి రావడానికి ఎంతసేపు పడుతోందో అడగండి.

రెండో అనుమానం దారి తెలియకపోవడం. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే టెండర్ కాగితాల్లో ఎక్కడా కనపడని విషయం ఇది.

మరో మార్పిడిలో, పద్నాలుగేళ్లుగా ఒకే రూట్‌లో తిరిగిన హెల్పర్‌ను వయసు ఎక్కువైందని కొత్త ఏజెన్సీ తీసుకోలేదు. కాలనీ అంతా ఆమెను అక్కా అనే పిలిచేది. ఆమెకు తెలిసినవేవీ కాగితం మీద లేవు. నీలం గేటు ఇంట్లో కుక్కను ఏడింటిదాకా వదిలే ఉంచుతారు, అక్కడ తిరుగు ప్రయాణంలో ఆగాలి. మూడో అంతస్తు పెద్దావిడ మెట్లు దిగలేదు, రెండు ఈలలు వేస్తే తాడుకు కట్టి బకెట్ దింపుతుంది. బడి పక్క సందులో ఎనిమిది దాటితే పిల్లల ఆటోలు నిలిచిపోతాయి, ఆరున్నరకే అక్కడ పని ముగించాలి. కొత్త డ్రైవర్ చేతిలో ఉన్నది ఫోనులో మ్యాప్. ఆ మ్యాప్‌లో ఒక గల్లీ అటువైపు రోడ్డులో కలిసినట్టు ఉంది. నిజానికి చివర మూడు మెట్లు, మెట్ల కింద నాలా. కొత్త బండి పాతదానికన్నా పెద్దది, లోపల తిరగదు, గల్లీ పొడవునా వెనక్కి నడపాలి. నాలుగో రోజు ఒక ఇంటి ప్రహరీ గోడ గీరుకుంది, ఆ ఇంటాయనతో గొడవైంది. ఐదో రోజు నుంచి ఆ గల్లీకి బండి లేదు. పై అధికారులకు వెళ్లిన నివేదికలో మాత్రం ఆ రూట్ పూర్తయినట్టే ఉంది.

అందుకే కొత్త డ్రైవర్ పక్కన మీ మనిషిని రెండు రోజులు కూర్చోబెట్టండి. వాచ్‌మన్ అయినా సరే, తెల్లవారుజామునే లేచే పెద్దాయన ఎవరైనా సరే. ఏ గల్లీలోకి వెనక్కి వెళ్లాలి, ఎక్కడ బండి ఆపి తోపుడు బండితో తేవాలి, ఏ గల్లీ ఎన్ని గంటలకు అన్నది ఒక కాగితం మీద గీసి, డ్రైవర్‌కు ఒకటి, శానిటరీ జవాన్‌కు ఒకటి ఇవ్వండి. పాత హెల్పర్లు ఎక్కడున్నారో కూడా వాకబు చేయండి. వాళ్లను తీసుకోమని సంఘం తరఫున ఏజెన్సీకి ఉత్తరం రాస్తే చాలాసార్లు ఒప్పుకుంటారు. దారి తెలిసిన మనిషి ఏజెన్సీకీ లాభమే.

చిన్న విషయమే అయినా మైకు సంగతి కూడా చూడండి. పాత బండి పాట పెట్టుకుని వచ్చేది, ఆ పాట వినగానే జనం బకెట్ పట్టుకుని దిగేవారు. కొత్త బండికి మైకు లేకపోతే చప్పుడు లేకుండా వచ్చి వెళ్లిపోతుంది. నేను చూసిన తొలివారం ఫిర్యాదుల్లో చాలావాటిలో బండి వచ్చింది, వచ్చినట్టు ఎవరికీ తెలియలేదు, అంతే.

ఇక మీరు అడగని, అందరూ అడగాల్సిన విషయం: కార్మికులకు జీతాలు అందుతున్నాయా? గడువు చివరి రెండు నెలల్లో పాత కాంట్రాక్టర్ ఏం చేస్తాడో నాకు బాగా తెలుసు. అరిగిన టైర్లు మార్చడు, కారుతున్న హైడ్రాలిక్ గొట్టం బాగు చేయించడు, మంచి బండ్లను వేరే ఊరి పనికి పంపేస్తాడు. ఆఖరి నెల జీతం, పీఎఫ్ బకాయి మున్సిపాలిటీ బిల్లు రాలేదన్న సాకుతో ఆపుతాడు. ఒకటో తారీఖున కొత్తవాడు వచ్చేసరికి కార్మికులు పాత బాకీ కోసం గేటు ముందు కూర్చుని ఉంటారు. చేసింది ఒకరు, మోసేది మరొకరు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న ప్రధాన యజమాని, అంటే ఇక్కడ మున్సిపాలిటీ, చెల్లించి ఆ సొమ్ము అతని దగ్గర రాబట్టుకోవాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలోనూ ఆ బాధ్యత ఉంది. ఈ సంగతి కార్మికుల్లో చాలామందికి తెలియదు. తెలిసిన అధికారులు కొందరు తెలియనట్టే ఉంటారు.

పని చేతులు మారినప్పుడు కార్మికులకు కలిగే భయం ఉత్తదేమీ కాదు. 2025 ఆగస్టులో చెన్నైలో రాయపురం, తిరు వి.క. నగర్ మండలాల చెత్త పని ప్రైవేటుకు ఇచ్చినప్పుడు కార్మికులు కార్పొరేషన్ కార్యాలయం రిప్పన్ బిల్డింగ్ ముందు రోజుల తరబడి బైఠాయించారు. జీతం తగ్గుతుంది, ఉద్యోగానికి భరోసా ఉండదు అన్నదే వాళ్ల గోడు. 13వ తేదీ అర్ధరాత్రి పోలీసులు ఖాళీ చేయించారు.

జీతం కాక మరొకటి ఉంది, పాత సామాన్ల డబ్బు. అట్టపెట్టెలు, సీసాలు, ఇనుప ముక్కలు హెల్పర్ వేరుచేసి అమ్ముకుంటాడు. చాలామందికి ఇల్లు గడిచేది దానితోనే. కొత్త ఏజెన్సీ కొన్నిసార్లు ఆ పొడి చెత్త మాదే అని రూలు పెడుతుంది. అలా పెట్టిన వారంలోనే అనుభవం ఉన్న హెల్పర్లు వెళ్లిపోవడం చూశాను. మీ బండిలో డ్రైవర్ ఒక్కడే వస్తున్నాడంటే కారణం ఇదేమో అడగండి.

కావాలనే చేస్తున్నారా అన్న మీ ప్రశ్నకు నా జవాబు: సాధారణంగా కాదు. కానీ డబ్బు ఏ లెక్కన ఇస్తారో పని ఆ వైపు వంగుతుంది. టన్నుకు ఇంత అని ఇస్తే బరువున్న చెత్త మీదే మనసు ఉంటుంది. ఇల్లు కట్టే చోట మట్టి, రాళ్లు ఎక్కించి తూకానికి తెచ్చిన బండిని నేనే పట్టుకున్నాను. పైన అరటి ఆకులు కప్పి తెచ్చారు. ఇంటి లెక్కన ఇస్తే, చెత్త తీసినట్టు నమోదు చేయడానికి ప్రతి ఇంటి గోడ మీదా అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడమే పని అవుతుంది. ఒక డ్రైవర్ ఆ కోడ్‌లన్నింటినీ ఫొటోలు తీసి పెట్టుకుని, చెట్టు కింద కూర్చుని రెండో ఫోనుతో స్కాన్ చేస్తూ దొరికాడు. తెలివికి మెచ్చుకున్నాను, ఆ రోజు బిల్లు కోశాను. బండికి ఇంత అని ఇస్తే బండి రోడ్డు మీద ఉంటే చాలు. మీ ఒప్పందం ఏ లెక్కో తెలిస్తే ఎక్కడ గట్టిగా అడగాలో తెలుస్తుంది.

ఒప్పందం నకలు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒప్పందం ఒక్కటే కాదు, బండ్ల సంఖ్య, రూట్ చార్ట్, గత నెల ట్రిప్ షీట్లు, జరిమానాల పట్టిక కూడా అడగండి. నకళ్లకు బదులు రికార్డులు స్వయంగా చూస్తామని కూడా రాయవచ్చు. నా అనుభవంలో అదే త్వరగా తేలుతుంది.

ఇక ఆ పుస్తకం. ఒకే మనిషి, ఒకే చోట కూర్చుని రాయాలి. ఇలా ఉంటే చాలు:

"14వ తేదీ. బండి 9.40కి వచ్చింది. 1, 2, 5 గల్లీలు తీశారు. 3, 4 తీయలేదు. హెల్పర్ లేడు. బండి నంబరు ఫలానా."

దూషణలు వద్దు, దుర్వాసన వర్ణనలు వద్దు. ఎందుకంటే కాంట్రాక్టర్ నెల బిల్లు మా బల్ల మీదికి వచ్చినప్పుడు జరిమానా కోయాలంటే మాకు కావలసింది తేదీ, గల్లీ, బండి నంబరు. "వారాల తరబడి నరకం అనుభవిస్తున్నాం" అన్న ఉత్తరంతో ఒక్క రూపాయి కోయలేం, కోస్తే కాంట్రాక్టర్ వివరాలు చూపమంటాడు. బిల్లులు సాధారణంగా నెల మొదటి వారంలో కదులుతాయి. పదో తారీఖున వచ్చిన ఫిర్యాదు చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఎవరికి ఇవ్వాలి? ఏజెన్సీ సూపర్‌వైజర్‌కు మాత్రం కాదు, అతని ఫోనుకు పంపిన ఫొటోలు అక్కడే ఉండిపోతాయి. మున్సిపాలిటీ అయితే శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు, నకలు కమిషనర్‌కు. జీహెచ్‌ఎంసీ పరిధి అయితే శానిటరీ ఫీల్డ్ అసిస్టెంట్‌తో మొదలుపెట్టి ఏఎంఓహెచ్‌కు (అసిస్టెంట్ మెడికల్ ఆఫీసర్ ఆఫ్ హెల్త్), ఆ పైన సర్కిల్ డిప్యూటీ కమిషనర్‌కు. 040-21111111కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇస్తారు, దాన్నీ పుస్తకంలో రాయండి. అప్పటికీ కదలకపోతే సోమవారం అధికారులు ఫిర్యాదులు వినే ప్రజావాణికి ముగ్గురు నలుగురు కలిసి పుస్తకం పట్టుకుని వెళ్లండి.

అదనపు 50 రూపాయల సంగతి. రుసుము నిర్ణయించేది మున్సిపాలిటీ, డ్రైవర్ కాదు. రాతపూర్వక ఉత్తర్వు చూపేదాకా పాత రేటే ఇస్తామని మర్యాదగా చెప్పండి. కానీ పాత రేటు మాత్రం ఆపవద్దు. అందులోంచే డీజిల్ పోసుకునే డ్రైవర్ అయితే, ఇవ్వని కాలనీని వదిలి ఇచ్చే కాలనీకి వెళ్తాడు. జీతం మీద పనిచేసేవాడైతే మీరు ఆపిన డబ్బు అతనికి తగలనే తగలదు. రెండు విధాలా నష్టం మీకే, పైగా "వీళ్లు డబ్బే కట్టడం లేదు సార్" అని ఏజెన్సీ అధికారి ముందు చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. ఇంటింటా విడిగా ఇవ్వడం మాని, సంఘమే వసూలు చేసి నెలాఖరున ఒకేసారి రసీదు మీద ఇవ్వండి. 400 ఇళ్ల డబ్బు ఒక్క చేతి మీదుగా వెళ్తుంటే ఆ చేయి చెప్పే మాట డ్రైవర్ వింటాడు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి కుప్పను మాత్రం ఆరో వారం దాకా ఉంచవద్దు. అక్కడ మొదట వేసేది మీ కాలనీ వాళ్లే. పది రోజులకు పక్క కాలనీ వాళ్లు, ఆ తర్వాత రాత్రి పదకొండుకు చికెన్ దుకాణం సంచులు. అప్పుడు బండి రోజూ వచ్చినా కుప్ప పోదు. ఒకసారి పూర్తిగా ఎత్తించి, ఆ సాయంత్రమే అక్కడ ఒక లైటు పెట్టించి, పది రోజులు పొద్దున ఐదింటి నుంచి ఏడింటిదాకా, రాత్రి పదింటి నుంచి పన్నెండుదాకా ఒక మనిషిని కూర్చోబెట్టండి. ముగ్గులు వేయడం, పూలకుండీలు పెట్టడం కూడా చేయించి చూశాను. ముగ్గు మీదే సంచులు వేసి వెళ్లారు, కుండీలు మూడో రోజు మాయమయ్యాయి. బండి తప్పిన రోజు తడి చెత్త మాత్రమే విడిగా మూతపెట్టి ఉంచమని, పొడి చెత్త వారమైనా ఇంట్లోనే ఆగుతుందని అందరికీ చెప్పండి. వేసవిలో మామిడి టెంకలు, పుచ్చకాయ తొక్కలు ఒక్క రోజుకే ఈగలు పట్టిస్తాయి, అవి మొక్కలున్న ఇళ్లవాళ్లు మట్టిలో పూడ్చేస్తే సగం బాధ తగ్గుతుంది.

మీ కాలనీలో పెద్ద అపార్ట్‌మెంట్లు ఉంటే మరో మాట. రోజుకు 100 కిలోలు దాటిన చోటును 2016 నిబంధనల నుంచీ పెద్ద ఎత్తున చెత్త పుట్టించేవారిగా లెక్కిస్తున్నారు, తడి చెత్త వాళ్లే చూసుకోవాలి. పైన చెప్పిన లెక్కన 55, 60 ఫ్లాట్లకే ఆ గీత దగ్గరపడుతుంది. పాత ఏజెన్సీ చూసీచూడనట్టు తీసుకెళ్లి ఉంటుంది, కొత్త ఏజెన్సీ ఒప్పందం చదువుకుని వచ్చి తీసుకోనంటుంది. అలాంటప్పుడు తప్పు కొత్తవాళ్లది కాదు.

మీరు రాయని రెండు వివరాలు తెలిస్తే ఇంకా సూటిగా చెప్పగలను: రూట్‌లో మీ కాలనీ మొదట వస్తుందా చివర వస్తుందా, కొత్త బండి పాతదానికన్నా పెద్దదా. రేపు పొద్దున బండి వచ్చినప్పుడు చూసి ఇక్కడే రాయండి.